చిట్టి కోసం బ్రాడీపేటలో నిలబడిన రోజు

మా ముత్తాతగారు ఈ ఊరికీ చుట్టుపక్కల మరో మూడు ఊళ్ళకీ మునసబు. మా తాతగారు చిలకలూరిపేట రోడ్డు మీద మొదట్లోనే పత్తిలో గింజ తీసే జిన్నింగు మిల్లు పెట్టినవారిలో ఒకరు. పత్తి బళ్ళు ఆయన మిల్లు ముందు బారులు తీరిన రోజున నడిచి వెళ్ళే మనిషికి ఆ బారు దాటడానికి అరగంట పట్టేదని చెప్పుకునేవారు. మా నాన్నగారు ఆ మిల్లు మూతపడ్డాక కూడా మడత నలగని పంచెతోనే బజారుకు వెళ్ళినవారు. నేను వేరొకరి స్పిన్నింగు మిల్లులో పత్తి నాణ్యం చూసే ఉద్యోగం ముప్పై ఏళ్ళు చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఇదంతా గొప్పకు చెప్పడం లేదు, లేదా కొంత గొప్పకే చెబుతున్నానేమో, కానీ ఈ నాలుగు తరాల సంగతి తెలియకపోతే ఒక కుక్క విషయంలో నేను చేసిన తెలివితక్కువ పని మీకు బొత్తిగా అర్థం కాదు.

మొన్న మంగళవారం పొద్దున మా వీధిలోకి మైకు కట్టిన ఆటో వచ్చింది. పశువుల ఆస్పత్రిలో కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఉచితంగా ఆపరేషన్లు చేస్తారనీ, ముందు వచ్చినవారికి ముందనీ ఒక అమ్మాయి గొంతు చెప్పుకుంటూ పోయింది. చదువుతున్న పేపరు మడిచి పక్కన పడేశాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి, నా ముఖం చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ ఏదైనా అంటే సమాధానం చెప్పవచ్చు. అనకపోతే నేనేం చెయ్యను?

ఆ కుక్క, చిట్టి, నేను పనిచేసే మిల్లులో పత్తి బేళ్ళ గోదాములో పుట్టింది. తల్లిని హైవే మీద లారీ తొక్కేసింది. వెనక కాలి మీద బేలు దొర్లి కుంటుతున్న పిల్లను గోనెసంచిలో చుట్టి ఇంటికి తెచ్చింది నేనే అయినా, అదే నా వెంటపడి వచ్చిందని చాలాకాలం అందరికీ చెప్పాను. తాతగారి హయాంలో మా ఇంట్లో వేటకుక్కలుండేవి, అన్నీ మగవే, వాటికి మాంసం వండడానికి వేరే మనిషి ఉండేదట. అలాంటి ఇంటి మనవడు గోదాములో దొరికిన కుంటి ఆడకుక్కను తెచ్చాడంటే బాగుండదు కదా. మా ఆవిడ దానికి చిట్టి అని పేరు పెట్టింది. నేను ఏడాది పాటు దాన్ని ‘ఏయ్’ అనే పిలిచాను, అది మాత్రం ఆ పిలుపుకే ఎక్కువ పలికేది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఎవరి గుమ్మం ముందూ వరసలో నిలబడకూడదు. ఒంగోలు గిత్తకు గిట్ట చెడినా, ఇంట్లో పిల్లకు జ్వరం తగిలినా కబురు వెళ్ళేది, డాక్టరు వచ్చేవాడు. ఆస్తి పోయాక కూడా నాన్నగారు ఆ పద్ధతి వదల్లేదు. కరెంటు బిల్లు కట్టాలంటే ఒక మనిషిని ముందుగా వరసలో నిలబెట్టి, తన వంతు వచ్చే వేళకు నెమ్మదిగా నడిచి వెళ్ళేవారు. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడను నరసరావుపేటలో సినిమాకు తీసుకెళ్ళి, టిక్కెట్ల దగ్గర బారు చూసి వెనక్కి తీసుకొచ్చిన ఘనుణ్ణి నేను. ఆవిడ ఆ సంగతి ఇప్పటికీ చెబుతుంది. నవ్వుతూ కాదు.

చిట్టికి రెండో ఏడు నిండక ముందే ఊళ్ళో ఇలాంటి శిబిరమే మొదటిసారి పెట్టారు. మా ఆవిడ తీసుకెళ్ళమంది. ముందు చూసొస్తానని నేనొక్కణ్ణే వెళ్ళాను. ఆస్పత్రి ఆవరణలో బారు ఉంది: మిరపకోతలకు వచ్చిన కూలీలు, బస్టాండు దగ్గర టైలరు తన కుక్కను పాత చీరలో చుట్టుకుని, హోటలు పెట్టిన ఆవిడ. నేను నేరుగా లోపలికి వెళ్ళి, ఫలానా వారి మనవణ్ణని చెప్పి, పని ముగిశాక డాక్టరుగారిని ఒకసారి మా ఇంటికి పంపమన్నాను. చీటీలు రాస్తున్న కుర్రవాడు తలెత్తి కూడా చూడలేదు. “చీటీ తీసుకుని వెనక నిలబడండి పెద్దాయనా, ఇక్కడ అందరూ ఎవరో ఒకరి మనవళ్ళే” అన్నాడు. టైలరు నవ్వాపుకోవడానికి కుక్క వీపులో ముఖం దాచుకున్నాడు. ఇంటికొచ్చి, అక్కడి కత్తులు తుప్పు పట్టి ఉన్నాయనీ, కుక్కలు చచ్చిపోతున్నాయనీ మా ఆవిడతో చెప్పాను. ఆ రోజు అక్కడ ఒక్క కుక్కా చావలేదు.

తర్వాత, చిట్టి ఎదకు వచ్చినప్పుడల్లా వీధిలోని మగకుక్కలన్నీ మా వాకిట్లో చేరి రభస చేస్తుంటే, గేదెలకు ఇంజక్షన్లు వేస్తూ మోటారుసైకిలు మీద ఊళ్ళు తిరిగే ఒకతన్ని పిలిపించాను. ఎదకు రాకుండా ఆపే మందు ఉందన్నాడు. ఆరు నెలలకొకసారి ఇంటికే వచ్చి పొడిచిపోయేవాడు. వచ్చినప్పుడు చెప్పులు బయట విడిచి, “అయ్యగారూ, తమరు పట్టుకుంటే చాలు, అది కదలదు” అనేవాడు. ఆ మందు ఏమిటో, మంచిదో కాదో నేను ఒక్కనాడూ అడగలేదు. అయ్యగారూ అని పిలిచే మనుషులు అప్పటికే తగ్గిపోయారు. అలా ఏడేళ్ళు గడిచాయి.

మిరప కోతల రోజుల్లో ఒక మధ్యాహ్నం, కాళ్ళ దగ్గర పడుకున్న దాని పొట్ట నిమురుతుంటే వేళ్ళకు ఏదో తగిలింది. దూదిలో ఇరుక్కున్న గింజముక్కను కళ్ళు మూసుకుని పట్టుకోగలిగిన వేళ్ళు నావి. పత్తిగింజంత ఉంది. నేను ఎవరికీ చెప్పలేదు. అది శనగగింజంత అయ్యాక మా ఆవిడే కనిపెట్టింది. రేగుపండంత అయ్యేసరికి పక్కన ఇంకో రెండు లేచాయి. చిలకలూరిపేటలో ఒక పశువుల డాక్టరు కదిలించవద్దన్నాడు, ఇంకొకాయన ముసలిదైపోయింది కదా వదిలెయ్యండన్నాడు, మూడో ఆయన వారం రోజులు బిళ్ళలిచ్చి మళ్ళీ రమ్మన్నాడు, రెండుసార్లు వెళితే రెండుసార్లూ లేడు. బస్సులో కుక్కను ఎక్కనివ్వరు, ఆటోవాడు సీటు పాడవుతుందంటాడు. అలా తిరుగుతూనే ఎండాకాలం వచ్చింది, గడ్డ నిమ్మకాయంత అయింది. గుంటూరులో చూపిద్దాం, ఆపరేషను కావాలంటారేమో అంది మా ఆవిడ.

మా చిన్నాన్నగారి అబ్బాయి వరండాలో కూర్చుని కాఫీ తాగుతూ, “అన్నయ్యా, నీ మోకాలికి ఆపరేషను చేయించుకోమంటే ఏడేళ్ళ నుంచి వాయిదా వేస్తున్నావు. ఊరకుక్కకి మాత్రం గుంటూరు ఆపరేషనా? పోయాక దినం కూడా చేస్తావా ఏంటి, చెప్పు, భోజనానికొస్తాం” అన్నాడు. వాడి మీద కోపంతోనే మర్నాడు గుంటూరుకు ఆటో మాట్లాడాను.

గుంటూరు బ్రాడీపేటలో కోచింగు సెంటర్ల మధ్య ఒక మేడ కింద ఉండేది ఆ పశువైద్యశాల. అక్కడా బారే. చిట్టిని ఒళ్ళో పెట్టుకుని మా ఆవిడ బెంచీ మీద కూర్చుంటే, నేను గోడ పక్కన, బారులో ఉన్నట్టూ లేనట్టూ నిలబడ్డాను. వాళ్ళకొక అలవాటు ఉంది, జంతువు పేరుకు యజమాని ఇంటిపేరు తగిలించి చీటీ రాస్తారు. మా వంతు వచ్చినప్పుడు కాంపౌండరు బయటికొచ్చి మా ఇంటిపేరు, దాని వెనక చిట్టి అని హాలు దద్దరిల్లేలా పిలిచాడు. శాసనాల్లాంటి పత్రాల మీద ఉన్న ఇంటిపేరు అది. నేను కదల్లేదు. మా ఆవిడ లేచి, “ఉన్నాం బాబూ, వస్తున్నాం” అంది.

డాక్టరమ్మ చిన్నపిల్ల, మా మేనకోడలి వయసు ఉంటుంది. చిట్టిని వెల్లకిలా పడుకోబెట్టి రెండు వరసల చన్నులూ ఒక్కొక్కటే ఓపికగా తడిమింది. పాలగ్రంథుల్లో గడ్డలనీ, ఎడమ వరస మొత్తం తీసెయ్యాలనీ, కోలుకున్నాక కుడి వైపు చూడాలనీ, ఈ వయసులో మత్తు తట్టుకోకపోవచ్చనీ చెప్పింది. ఆపరేషను పెద్దది, ఖర్చు కూడా ఉంటుంది, ఇంటికెళ్ళి ఆలోచించుకోండి అంది. ఆలోచించుకోండి అన్న మాట నాకు ఎక్కడో తగిలింది. ఆలోచించుకునేదేమీ లేదు, చేసెయ్యండన్నాను. ఆవిడ కాగితం మీద రాసుకుంటూ అడిగింది.

“ఎదకు రాకుండా ఎప్పుడైనా ఇంజక్షన్లు వేయించారా సర్? చాలామంది తెలియక వేయిస్తారు. వేయించి ఉంటే చెప్పండి, గర్భసంచి చెడిపోయే వీలుంటుంది. అప్పుడు ముందు పొట్ట స్కాను చూడాలి.”

లేదన్నాను. మా ఇంట్లో అలాంటివి చేయించం అన్నాను. మా ఆవిడ నా వైపు చూసింది. నేను గోడ మీద క్యాలెండరు చూశాను. డాక్టరమ్మ సరేనని శుక్రవారానికి రాసింది.

ఆటో గుంటూరు దాటింది. అప్పుడు మా ఆవిడ చిట్టి తల నిమురుతూ, నాతో కాదన్నట్టుగా అంది: “కోయించాలా వద్దా అన్నది దాని ఒళ్ళు చూసి చెప్పాలి గానీ మీ పరువు చూసి కాదు. బల్ల మీద పడుకునేది మీ తాతగారు కాదు కదండీ.”

ఆవిడే ఫోను చేసి చెప్పెయ్యవచ్చు. చెయ్యలేదు. అబద్ధం మీది, ఫోనూ మీదే అంది. బుధవారం చేశాను. కాంపౌండరు తీసి, డాక్టరుగారు ఆపరేషనులో ఉన్నారు, విషయమేమిటో నాకు చెప్పండి అన్నాడు. ఆ గొంతుకు, మా ఇంటిపేరును హాల్లో అరిచిన గొంతుకు, చెప్పలేకపోయాను. గురువారం మళ్ళీ చేశాను, మళ్ళీ అతనే. ఈ లోపల చిట్టి అన్నం సగం వదిలేసి నీళ్ళ గిన్నె మాత్రం ఖాళీ చేస్తోంది. ఎండలకు కాబోలనుకున్నాను, అనుకోదలచుకున్నాను.

శుక్రవారం హాలు నిండా జనం. ఈసారి ఇంటిపేరు పిలవగానే నేనే లేచాను. లోపలికి వెళ్ళాక చెబుదామనుకుంటే, డాక్టరమ్మ సంతకం కాగితం పట్టుకుని తనే గుమ్మంలోకి వచ్చింది. లోపల మాట్లాడదామని అడిగాను. “ఇక్కడే చెప్పండి సర్, లోపల ఇంకో పేషెంటుకి కుట్లు వేస్తున్నారు” అంది. చెప్పాను. ఏడేళ్ళు, ఆరు నెలలకొకసారి, మందు పేరు తెలియదు, మొన్న అడిగినప్పుడు అబద్ధమాడాను. పిల్లి బుట్ట పట్టుకున్న ఒక ఆవిడ, కోచింగు పిల్లలు ఇద్దరు, కాంపౌండరు, అందరూ విన్నారు. డాక్టరమ్మ సంతకం కాగితం మడిచింది. “మూడు రోజులు పోగొట్టారు కదా సర్” అని మాత్రం అంది. నాకు ఉద్యోగంలో ఎవరూ అలా చెప్పలేదు. చెప్పి ఉంటే రాజీనామా ఇచ్చేవాణ్ణి.

స్కానులో గర్భసంచి నిండా చీము ఉంది. ఇక గడ్డల సంగతి తర్వాత, సంచి ఇవాళే తియ్యకపోతే నాలుగు రోజుల్లో ప్రాణం పోతుంది, తీసేటప్పుడే పోవచ్చు కూడా. దాంతోపాటు ఎడమ వరస కూడా తీస్తే బల్ల మీద ఎక్కువసేపు ఉండాలి, తియ్యకుండా వదిలితే గడ్డల కోసం ఈ ఒంటికి మళ్ళీ మత్తు ఇవ్వడం కుదరకపోవచ్చు. ఏది చెయ్యమంటారో మీరే చెప్పాలి అంది. నేను అప్పటిదాకా బతుకులో తీసుకున్న నిర్ణయాలన్నీ ఎవరైనా ఏమనుకుంటారో చూసి తీసుకున్నవే. ఆ స్కాను గదిలో చూడడానికి బయటివారెవరూ లేరు. చిట్టి లేచి నిలబడలేక నా చెప్పు మీద గడ్డం ఆనించి పడుకుంది. డాక్టరమ్మనే ఎదురు అడిగాను, మీ సొంత కుక్కయితే ఏం చేస్తారని. రెండూ చేస్తానంది. మా ఆవిడ తలూపింది. సంతకం పెట్టాను. మొదట చిట్టి పేరు, దాని కింద నా పేరు.

బతికింది. ముప్పై రెండు కుట్లు పడ్డాయి. రోజు విడిచి రోజు కట్టు మార్పించడానికి గుంటూరు తీసుకెళ్ళి, ఆ బారులో, అందరిలాగే నిలబడ్డాను. పిల్లి బుట్ట ఆవిడ నన్ను గుర్తుపట్టి, “ఇంజక్షన్ల తాతగారు కదా, ఎలా ఉంది?” అని అడిగేది. అది నాకు నచ్చేది కాదు. ఒకసారి ఆవిడ రాకపోతే మాత్రం ఎందుకు రాలేదా అని గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను. మరో పద్ధెనిమిది నెలలు చిట్టి మా వరండాలో కుంటుతూ తిరిగింది. కుడి వైపు గడ్డలు వచ్చేసరికి ఊపిరితిత్తులకు పాకిందన్నారు, మళ్ళీ కోయించలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడ కలిపిన పెరుగన్నం నాకి, పక్కకు వాలింది. మొదటి శిబిరం రోజున చీటీ తీసుకుని ఉంటే గడ్డలు అసలు వచ్చేవి కావేమోనని డాక్టరమ్మ చెప్పింది. కచ్చితంగా అనలేం సర్ అని కూడా అంది, నా ముఖం చూసి జాలిపడి అన్నదనుకుంటాను. ఆ జాలి నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఈ రోడ్డు మీద ఇప్పుడు కొత్త మిల్లులు, కొత్త మనుషులు. నా చిన్నతనంలో పేట బజారులో పది అడుగులు వేస్తే ఒకరైనా ఆపి, ఎవరింటి అబ్బాయివి బాబూ అని అడిగేవారు, సమాధానం విని పక్కకు జరిగేవారు. ఇప్పుడు పేట ఈ చివర నుంచి ఆ చివరకు నడిచినా ఎవరూ అడగరు. ఆ ప్రశ్న లేకుండా తిరగడం హాయిగానే ఉంటుందని మా ఆవిడ అంటుంది. ఉంటుందేమో, నాకింకా అలవాటు కాలేదు.

మా గురించి ఊళ్ళో మిగిలిన కథ ఒక్కటే, ఫలానా వారి మనవడు కుక్క కోసం తాతల నాటి పొలం అమ్మాడని. అది నిజం కాదు. పొలమంతా నాన్నగారి హయాంలోనే పోయింది. మేం అమ్మింది పెరట్లో ఆయన నాటిన రెండు టేకు చెట్లు.