జడకోపులో నా జోడీ

నాకు కుళ్లు ఎక్కువ. మాది ఆర్మూరులో పసుపు పండించే ఇల్లు. వాకిట్లో కొమ్ములు ఏరుతూ మా అమ్మ, "మీదికి బంగారం లెక్కనే ఉంటది, లోపట అంత కుళ్లే, మా పిల్ల లెక్క" అని నలుగురిలో నన్ను ఆటపట్టించేది. నేను అలిగి అన్నం మానేసేదాన్ని గానీ, ఆ మాట అబద్ధమని మాత్రం ఎన్నడూ అనలేదు.

ఈ సంగతి తొంభైల మొదట్లోది. నేను తొమ్మిదో తరగతి. నాకు ఒక్కతే స్నేహితురాలు. పెర్కిట్ నుంచి నడిచి వచ్చేది. వాళ్లమ్మ మా చేనికి కూలికి వచ్చేది. మేం ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఆమె అన్న ఇల్లు విడిచి అడవిలో అన్నలతో, అంటే నక్సలైట్లతో, కలిశాడు. నాలుగు రోజులకే వాళ్లింటి ముందు పోలీసు జీపు ఆగింది. ఇక మా క్లాసులో ఆమె బెంచీ మీద ఒక్కరూ కూర్చోలేదు. ఆమెతో మాట్లాడితే తమ ఇంటికీ జీపు వస్తుందని పిల్లల భయం. పిల్లల కంటే వాళ్ల అమ్మానాన్నల భయం. నేను మాత్రం నా సంచీ తీసుకుని వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. ఎంత ధైర్యం ఈ పిల్లకు అన్నారు. ధైర్యం కొంతే. ఆమె ఇంకెవరితోనూ మాట్లాడదన్న సుఖమే ఎక్కువ. మూడేళ్లపాటు ఆమె నవ్వూ నాదే, ఏడుపూ నాదే.

ఆ ఏడాది క్లాసులోకి కొత్తమ్మాయి వచ్చింది. కానిస్టేబుల్ కూతురు. ఆమె పక్కన కూడా ఎవరూ కూర్చోలేదు. పోలీసోళ్ల పిల్లతో తిరిగితే రేపు అన్నలు అడిగినప్పుడు ఏం చెప్పుకోవాలి? అలా ఒక మూల ఆమె, ఇంకో మూల మేము.

మా తెలుగు సారు రోజూ భీమ్‌గల్ నుంచి బస్సులో వచ్చేవారు. కోలాటమంటే ఆయనకు పిచ్చి. వార్షికోత్సవానికి మాతో జడకోపు వేయిస్తానన్నారు. మధ్యలో గుంజ, దాని తలకు కట్టిన రంగు రంగుల తాళ్లు. ఒక చేతిలో తాడు, ఒక చేతిలో కోల. సగం మంది ఇటు, సగం మంది అటు తిరుగుతూ, ఎదురొచ్చిన వాళ్లను ఒకసారి లోపలి నుంచి, ఒకసారి బయటి నుంచి దాటుతుంటే తాళ్లు జడలా అల్లుకుంటాయి. తర్వాత అవే అడుగులు వెనక్కి వేసి జడ విప్పాలి. ఒక్కరు తప్పినా ముడి పడుతుంది, అందరూ ఆగాల్సిందే.

మొదటి రోజే సారు నా స్నేహితురాలికి ఆ కానిస్టేబుల్ కూతుర్ని జోడీగా నిలబెట్టారు. నాకు ఒళ్లు మండింది.

"సార్, దానికి జోడి నేనే," అన్నాను.

"నీ పక్కకు ఎవ్వలన్న నిలబడుతరు బిడ్డా. ఆళ్లిద్దరి పక్కకే ఎవ్వలు నిలబడరు," అన్నారు సారు.

మొదటి వారం నాకు పండగే. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కాదు. ఎదుటివాళ్లను చూడకుండా కోల వేస్తే తగిలేది వేళ్లకే. ఒకరోజు నా స్నేహితురాలి కోల ఆ అమ్మాయి కుడిచేతి వేళ్ల మీద గట్టిగా పడింది. వేళ్లు ఉబ్బాయి. ఇక జీపు రావడం ఖాయమని అందరం గుసగుసలాడాం. మర్నాడు నా స్నేహితురాలు భయపడుతూనే బడికి వచ్చింది. ఆ అమ్మాయి చేతికి గుడ్డ కట్టుకుని నేరుగా మా బెంచీ దగ్గరికి వచ్చింది.

"తలుపు సందుల పడ్డదని చెప్పిన మా నాయినకు. నువ్వు ఫికర్ చెయ్యకు," అంది.

అంతే. ఆ మధ్యాహ్నం నా స్నేహితురాలు తన డబ్బా విప్పి, మొక్కజొన్న రవ్వతో వండిన మక్క గట్క ముద్దలు చేసి ఆ అమ్మాయి నోట్లో పెట్టింది. మూడేళ్లలో ఒక్కనాడు కూడా ఆ డబ్బా నా ముందు విప్పలేదు. గోడవైపు తిరిగి తినేది. మా ఇంటి వరి అన్నం ముందు ఆమెకు సిగ్గని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను.

వాళ్లిద్దర్నీ చూసి మిగతా పిల్లలూ మెత్తబడ్డారు. ఒకామె పోలీసోళ్ల పిల్లకు పూలు తెచ్చింది. ఇంకో ఇద్దరు నా స్నేహితురాలితో పెర్కిట్ దాకా నడిచి వెళ్లారు. సారుకు పట్టరాని సంతోషం. నాకు ఆ సంతోషం చూస్తేనే చిరాకు. వాళ్ల నవ్వులే చూస్తూ ఒకసారి నేను అడుగు తప్పాను, జడ ముడి పడింది. ఎవరు తప్పారని సారు అడిగితే నోరు మెదపలేదు. ఆ ఇద్దరే కూర్చుని నవ్వుకుంటూ ముడి విప్పారు. అది ఇంకా మంట.

వార్షికోత్సవం నాలుగు రోజులుందనగా, బడి విడిచాక నా స్నేహితురాలిని పక్కకు పిలిచాను.

"గా పోలీసోళ్ల పిల్ల నన్ను అడిగిందే, మీ అన్న ఇంటికొస్తడా, ఎప్పుడొస్తడు అని. వాళ్ల నాయిన అడుగుమన్నడట."

పచ్చి అబద్ధం. ఆ రోజుల్లో అలాంటి మాట ఒక ఇంటిని ఏం చేస్తుందో నాకు బాగా తెలుసు. తెలిసే అన్నాను.

ఆమె నా కళ్లలోకి చూసింది. "గట్లనా," అంది.

మర్నాడు సారు దగ్గరికి వెళ్లి జోడీ మార్చమంది. ఎందుకని సారు ఎన్నిసార్లు అడిగినా మార్చమనే అంది. "నేనేం చేసిన, చెప్పరాదు," అని ఆ అమ్మాయి వెంటపడి అడిగింది. నా స్నేహితురాలు పక్కకు తప్పుకుంది. చివరికి సారు నన్నే జోడీగా నిలబెట్టారు. ఆయన ముఖం చూడలేక నేను తాళ్ల వైపు చూశాను.

వార్షికోత్సవం నాడు జడ చక్కగా అల్లుకుంది, చక్కగా విప్పుకుంది. జనం చప్పట్లే చప్పట్లు. అవతలి వైపు ఆ అమ్మాయి ఉబ్బిన కళ్లతో ఒక్క అడుగు కూడా తప్పకుండా ఆడింది. పరదా వెనక కోలలు మూట కడుతూ నేను ఆగలేకపోయాను.

"సూసినవా, మన జోడి ఎంత మంచిగ కుదిరిందో!"

"నువ్వు చెప్పింది అబద్ధమని నాకు గప్పుడే ఎర్కనే," అంది నా స్నేహితురాలు.

మూట వదిలేసి ఆమె వైపు తిరిగాను. "మరి గామెను ఎందుకు ఇడిసిపెట్టినవే?"

"అందరు నన్ను ఇడిసిపెట్టిననాడు నా పక్కకు వచ్చి కూసున్నది నువ్వొక్కదానివే. నువ్వు గింత తక్లీఫ్ పడుతుంటే నాకు సూడబుద్ధి కాలే. ఇద్దర్ల ఒక్కలే అంటే నేనేం జెయ్యాలె, నువ్వే అనుకున్న."

ఆమె కోపంగా అనలేదు. అని, పరదా పక్కకు జరిపి వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయింది. ఆ మాటకు నేను సిగ్గుతో చచ్చిపోవాల్సింది. ఉన్నమాట చెబుతున్నాను, ముందు నాకు కలిగింది సంతోషమే. నన్నే అనుకుంది కదా అని. ఏడుపు ఇంటికి పోయాక వచ్చింది.