ఫ్లాపీ సంచి, మా మామగారి స్విచ్చులు

ఇప్పటికీ లాప్‌టాప్ మూసేముందు ఒక్క క్షణం చెవి పెట్టి వింటాను. అందులో వినడానికేమీ లేదని నాకు తెలుసు. రాసింది రాసినట్టు దానంతట అదే దాచుకుంటుందని మా అమ్మాయి చెప్పీ చెప్పీ విసిగిపోయింది. దాచుకుంటే దాచుకోనీ, నా అలవాటు నాది. అది నాకు మా మామగారి నుంచి అంటింది.

మామగారు కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు. చిక్కడపల్లి గల్లీలో మేమున్న కిరాయి ఇంట్లో ఆయనకు మిగిలిన ఉద్యోగం ఒక్కటే: మనుషులు లేని గదిలో లైటు, ఫ్యాను ఆర్పడం. కూరగాయలు నేను తెచ్చుకునేదాన్ని, బిల్లులు మా ఆయన కట్టేవారు, స్విచ్చులు మాత్రం మామగారివి. నేను గడప దాటీ దాటకముందే వెనకాల టక్కుమనేది. ఎప్పుడైనా మరిచిపోయి ఫ్యాను వదిలేశానా, ఇల్లంతా వినబడేలా అడిగేవారు.

"ఎవరికి తిరుగుతున్నది ఈ ఫ్యాను? గోడలకు ఉక్కపోస్తున్నదా?"

కాపురానికి వచ్చిన కొత్తలో ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. తర్వాత తర్వాత అర్థమైంది. అత్తగారు పోయాక ఆ ఇంట్లో ఆయన్ని ఎవరూ ఏదీ అడగడం లేదు. ఆయన మాట చెల్లే చోటు ఆ స్విచ్చుబోర్డొక్కటే.

మా ఆయనకేమో కంప్యూటర్ పిచ్చి. అప్పట్లో ఇళ్ళల్లో కంప్యూటరంటే వింత. కోఠిలో ఎవరో పాతది అమ్ముతుంటే తెచ్చి మా టీవీకే తగిలించారు. పక్కన ఫ్లాపీ డ్రైవు, కింద గుయ్యిమనే స్టెబిలైజరు. తన వార్తలు పోయాయని మామగారు కొన్నాళ్ళు సణిగారు గానీ, ఆర్పడానికి కొత్త స్విచ్చులు వచ్చినందుకు లోలోపల సంతోషించారనే నా అనుమానం.

నేను రాంనగర్‌లో టైపు నేర్చుకుని హయ్యర్ పాసైనదాన్ని. నా వేళ్ళంటే నాకు గర్వం, దాచుకోవడమెందుకు! నారాయణగూడలో ఒక ప్రెస్ వాళ్ళు అశోక్‌నగర్ కోచింగ్ సెంటరు కోసం బిట్ బ్యాంకు వేస్తున్నారని తెలిసి, ఆ ప్రశ్నలన్నీ ఫ్లాపీలోకి ఎక్కించి ఇస్తామని ఒప్పుకున్నాం. మా ఆయన ప్రోగ్రాం రాశారు. ప్రశ్న, నాలుగు జవాబులు, వాటిలో సరైనదేదో కొట్టాలి. కొట్టగానే డ్రైవుకు ఎర్రలైటు వెలిగి గర్ర్... గర్ర్... మంటూ ఆ ఒక్క ప్రశ్నను ఫ్లాపీ మీద రాసుకునేది. అది రాసుకుంటున్నంతసేపూ నేను చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆగలేక తర్వాతి ప్రశ్న మొదలుపెడితే ఆ అక్షరాలన్నీ గాల్లో కలిసిపోయేవి.

మామగారికి మాత్రం ఆ చప్పుడు నచ్చింది. ఎర్రలైటు వెలుగుతుండగా, గర్ర్‌మంటుండగా ముట్టుకోవద్దని మా ఆయన మొదటిరోజే చెప్పారు. మామగారు దాన్ని ఆఫీసు ఆర్డరులా పాటించారు. నేను లేచి వెళ్ళిపోతే వచ్చి, వంగి డ్రైవుకు చెవి ఆనించి, లోపల అంతా సద్దుమణిగిందని నమ్మకం కుదిరాకే టక్కుమనిపించేవారు. ఎన్నిసార్లు ఆపినా ఒక్క ప్రశ్నా పోలేదు.

నాకే ఓపిక లేకపోయింది. "ఏందండి ఇది! నా వేళ్ళు ఉరుకుతుంటే మీ డబ్బా కునికిపాట్లు పడుతున్నది!" అని ఒకరోజు మా ఆయన మీద విరుచుకుపడ్డాను.

ఆయన నవ్వారు. "ఒక్కొక్క ఉల్లిగడ్డకు ఒకసారి మార్కెట్‌కు పోయొస్తవా నువ్వు? సంచి నిండినంక ఒక్కసారే ఇంటికొస్తవు గదా. దీనికి గూడ ఒక సంచి కుట్టిస్త, జర ఆగు."

కుట్టించారు. అప్పటినుంచి నేను కొట్టిన ప్రశ్నలు కంప్యూటర్ లోపలే పోగవుతూ, సంచి నిండాక అన్నీ కలిసి ఒకేసారి ఫ్లాపీ మీదికి వెళ్ళేవి. దాన్ని బఫర్ అంటారట. మా ఇంట్లో అది సంచే. అబ్బ, ఏం వేగం! ప్రశ్న వెనక ప్రశ్న కొట్టుకుంటూ పోవడమే. ఎప్పుడో ఒకసారి గర్ర్‌మనేది, మళ్ళీ నిశ్శబ్దం.

ఆ సుఖం ఎన్నాళ్ళో నిలవలేదు. ఒక పొద్దున సంచి నిండడానికి కొంచెమే ఉందనగా, పక్క వాటా ఆమె "నల్లా వచ్చిందీ!" అని కేక వేసింది. నీళ్ళ ముందు బిట్లెంత! బిందెలు తీసుకుని ఉరికాను. మామగారు వచ్చి చూస్తే మనిషి లేని గదిలో టీవీ వెలుగుతోంది. ఎర్రలైటు లేదు. చెవి ఆనించారు, చప్పుడు లేదు. టక్.

తడి చేతులతో వచ్చేసరికి టీవీ నల్లగా ఉంది. ఫ్లాపీ ఎక్కకుండా సంచిలో ఉన్నవన్నీ కరెంటుతోపాటే పోయాయి. కాగితాలు నా దగ్గరే ఉన్నాయి కాబట్టి మళ్ళీ కొట్టుకోవచ్చు, అదేం పెద్ద సంగతి కాదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన మా ఆయన, తల కూడా ఎత్తకుండా షూ విప్పుకుంటూ ఒక మాటన్నారు.

"నాయినా, ఇగ నుంచి ఈ ఇంట్ల స్విచ్చులు నువ్వు ముట్టకు."

కోపంగా కూడా అనలేదు. మామగారు "మంచిదిరా" అన్నారు.

మర్నాటి నుంచి మా ఇంట్లో పట్టపగలు లైట్లు వెలిగాయి. ముందుగదిలో ఫ్యాను ఎవరికీ కాకుండా తిరిగింది. ఆయన దాని కిందే కుర్చీలో కూర్చుని పేపరు చూసేవారు, లేచి అరుగు మీదికి వెళ్ళిపోయేవారు, ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉండేది. వెనకాల టక్కుమనడం లేదు. ఇన్నేళ్ళూ ఆ టక్కు ఎప్పుడు మానుతుందా అని చూసినదాన్ని, మానేసరికి నా ప్రాణం ఉసూరుమంది.

మా ఆయన్ని పట్టుకుని కడిగేశాను. "చప్పుడు ఆగినంక ఆపుమన్నది మీరే. ఆగింది, ఆపిన్రు. సంచి సంగతి ఆయనకు ఎవరన్న చెప్పిన్రా? తప్పు ఆయనదెట్ల అయితది?"

ఆయన మొహం చిన్నబోయింది. తండ్రితో మాట్లాడతానని అరుగు మీదికి వెళ్ళి, "చాయ్ తాగినవా నాయినా?" అని అడిగి తిరిగొచ్చారు. ఆ తండ్రీకొడుకులు అంతే. అయితే ఆ ఆదివారం కూర్చుని ప్రోగ్రాం మార్చారు. లేచేముందు నేను ఒక మీట నొక్కితే, సంచి సగమే నిండినా సరే, ఉన్నదంతా ఫ్లాపీ మీదికి వెళ్ళాలి. వెళ్ళాక టీవీ మీద ఇంగ్లీషు అక్షరాల్లో "సంచి ఇంటికొచ్చింది" అని పడాలి.

మామగారిని పిలిచి చూపించాను. ఆయన దూరం నుంచే చూశారు. "బాగున్నది బిడ్డా. మీరే ఆపుకోండ్రి, నాకెందుకు."

ఇక నాకు పంతం వచ్చింది. మర్నాడు పని కాగానే మీట నొక్కాను. గర్ర్‌మంది, ఎర్రలైటు ఆరింది, టీవీ మీద ఆ మాట పడింది. నేను ఏ స్విచ్చూ ముట్టుకోలేదు. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి జొన్నపిండిలో చేతులు పెట్టాను. అక్కణ్ణుంచి కేకేశాను.

"సంచి ఇంటికొచ్చింది మామా! జర ఆపుండ్రి, నా చేతులకు పిండి ఉన్నది!"

స్టెబిలైజరు గుయ్యిమంటూనే ఉంది. ఒక రొట్టె కొట్టి పెనం మీద వేశాను, తిప్పాను, తీశాను. రారేమో అనిపించింది. ఆ ఒక్క మాట ఇంత లోతుగా దిగిందా అని నాకు భయం వేసింది. ఇంకో రొట్టె మొదలుపెట్టాను.

ముందుగదిలో కుర్చీ జరిగింది. అడుగులు డ్రైవు దగ్గరికి వచ్చి ఆగాయి. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. చెవి ఆనించి ఉంటారని నాకు చూడకుండానే తెలిసింది. తర్వాత టక్. గుయ్యిమనడం ఆగిపోయింది.

నేను ఊపిరి తీసుకునేలోపు లైటు స్విచ్చు టక్‌మంది. అడుగులు ముందుగది వైపు కదిలాయి. ఇంకో టక్. వెంటనే ఆ గొంతు, ఇల్లంతా వినబడేలా.

"ఎవరికి తిరుగుతున్నది ఈ ఫ్యాను? గోడలకు ఉక్కపోస్తున్నదా?"

చేతిలో రొట్టె రెండుగా చీలింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"అవును మామా, గోడలకే!" అని వంటింట్లోంచి అరిచాను.