అలిగిన హెడ్‌లైటు

మా బావ నోట "చెడిపోయింది" అన్న మాట పదేళ్ళలో నేను ఒక్కసారి కూడా వినలేదు. ఆయన షెడ్డుకి వచ్చిన బండి ఏదైనా సరే, అలిగి వచ్చిందే. స్టార్టరు అలుగుతుంది, బ్రేకు అలుగుతుంది, టైరు పగిలినా గాలితో మాటామాటా వచ్చిందంటాడు. మా అక్క నిజంగా అలిగిన రోజున మాత్రం నా దగ్గరికొచ్చి, "మీ అక్కకి ఏదో రిపేరొచ్చిందిరా" అంటాడు.

ఆయన పక్కనే పనిచేసే బావమరిదిని నేను. ఆ మాట పట్టుకుని ఆయన్ని ఏడిపించకుండా ఒక్క పూటా గడిచేది కాదు. చేతిపని చూస్తే మాత్రం నోరు మూతపడేది.

ఓ సోమవారం పళ్ళ డాక్టరుగారు తన పాత ఎర్ర స్పోర్ట్స్ కారు తెచ్చారు. దాని హెడ్‌లైట్లు పగలంతా బానెట్‌లో దాక్కుని, స్విచ్ వేస్తే మూతలు లేపుకుని బయటికొచ్చే రకం. ఇప్పుడు కుడిది లేస్తోంది, ఎడమది లేవనంటోంది.

"ఊరందరికీ కన్ను కొడుతూ తిరుగుతోందయ్యా. నిన్న సిగ్నల్ దగ్గర ఒకావిడ దిగొచ్చి నన్ను నిలదీసింది," అన్నారు డాక్టరుగారు. "శనివారం తనిఖీ. రెండూ లేవకపోతే ఇక రోడ్డెక్కనివ్వరట. ఇరవై ఆరేళ్ళుగా నాతో ఉన్న బండి. పూర్తిగా చెడిపోయిందంటావా?"

"అలిగిందండి," అన్నాడు బావ. "బతిమాలదాం."

స్క్రూడ్రైవరు మొన మోటారుకి, పిడి తన చెవికి ఆనించి స్విచ్ వేయమన్నాడు. కళ్ళు మూసుకుని విన్నాడు. "మోటారు తిరుగుతూనే ఉంది. ఆ తిరుగుడు గేరుకి అందడం లేదు. మధ్యలో మూడు ప్లాస్టిక్ బిళ్ళలుంటాయి, అవి పొడైపోయుంటాయి."

విప్పితే గ్రీజులో ఇసుకలాంటి పొడి, బిళ్ళల జాడే లేదు. మూత తీయకుండా లోపలి సంగతి లెక్కతో సహా చెప్పిన మనిషికి దండం పెట్టాలనిపించింది. బావమరిదిని కాబట్టి పెట్టలేదు.

నైలాన్ కడ్డీలోంచి లేతు మిషను మీద కొత్త బిళ్ళలు తీసి, బుధవారానికి బిగించాడు. "ఓసారి వేసి చూడు," అని చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళాడు. కొత్త బిళ్ళలు బిగువుగా ఉన్నాయేమో, మూత సగం లేచి ఆగిపోయింది. అలాంటప్పుడు మోటారుకున్న చిన్న పిడిని ఓపిగ్గా చేత్తో తిప్పాలి. పదేళ్ళ అనుభవశాలినైన నేను మూత మీద అరచెయ్యి వేసి ఒక్క నొక్కు నొక్కాను. లోపల టక్‌మంది.

విప్పితే గేరు పన్ను ఒకటి ఊడి నా చేతిలో పడింది. ఆ గేరు ఇప్పుడు ఎక్కడా తయారవడం లేదు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"నేను విప్పేసరికే..." అని నసుగుతుంటే బావ పూర్తి కానివ్వలేదు. "గేరు కూడా అలిగిందన్నమాట," అని ఊరుకున్నాడు. నిజం చెప్పే ధైర్యం నాకు చాల్లేదు, అబద్ధం పూర్తిచేసే అవసరం ఆయన రానివ్వలేదు.

తర్వాతి రెండు రోజులు నేను చూసింది ఈ జన్మకి మరిచిపోను. పన్ను ఊడిన చోట గాడి తీసి, ఇత్తడి ముక్క దిగగొట్టి, ఆకురాయి పట్టుకుని కూర్చున్నాడు. నాలుగుసార్లు రుద్దడం, పక్క గేరుతో కలిపి తిప్పడం, మళ్ళీ రుద్దడం. కొలతబద్ద ఆయన బొటనవేలి గోరే. శుక్రవారం సాయంత్రానికి ఏది పాత పన్నో, ఏది కొత్తదో రంగు చూసి చెప్పాలే తప్ప తిప్పి చూసి చెప్పలేం. మనిషి వేళ్ళకి ఇంత తెలుస్తుందా అని ఒళ్ళు గగుర్పొడిచింది.

శనివారం పొద్దున స్విచ్ వేయగానే రెండు మూతలూ ఒక్కసారే లేచాయి. డాక్టరుగారు పదిసార్లు లేపి పదిసార్లు దించారు. ఇత్తడి పన్ను సంగతి విని, "నేనైనా ఇంత బాగా కట్టలేను," అన్నారు. తర్వాత ఊడిన పన్ను అడిగి తీసుకుని, వృత్తి అలవాటు కొద్దీ వెలుతురుకి ఎత్తిపట్టి చూశారు.

"దీని మీద ఎవరి చెయ్యి పడింది?"

నేను వంగి కింద పడున్న పానాలు ఏరడం మొదలుపెట్టాను.

"ఎవరిదీ కాదండి. అలిగింది," అన్నాడు బావ.

డాక్టరుగారు పన్నుని అటూ ఇటూ తిప్పారు. "విరిగినచోట సగం తళతళలాడుతోంది, అది కొత్తది. సగం నల్లబడింది, అది పాత పగులు," అని గొంతు తగ్గించారు. "ఆ పాతది నాదేనయ్యా. పోయిన నెల మూత దిగకపోతే నేనే నొక్కాను. మా ఆవిడక్కూడా చెప్పలేదు."

"కొత్తది నాదండి." మాట దానంతటదే నా నోట్లోంచి వచ్చేసింది.

ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపేసి తనిఖీకి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం ఫోన్ చేసి బండి పాసైందన్నారు.

అప్పుడు అడిగాను. "నీకు ముందే తెలుసా బావా?"

"టక్‌మన్నప్పుడే తెలుసు."

"మరి అడగలేదేం?"

"చెడిపోయిందంటే ఎవరు చెడగొట్టారని అడగాలి. అడిగితే నువ్వు కాదంటావు. కాదన్నాక వారం రోజులు నా మొహం చూడలేక చస్తావు." ఆకురాయి తుడిచి పెట్టెలో పెట్టాడు. "గేరంటే ఇత్తడితో చేశాను. బావమరిదిని దేంతో చెయ్యమంటావురా?"