సుద్దముక్కతో గీసిన ఊరు

నా చిన్నప్పుడు ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మాకూ పక్కింటివాళ్ళకూ కుళాయి ఒక్కటే. పక్కింటి అక్కవాళ్ళు క్రైస్తవులు. శ్రీకాకుళం వైపు మా ఊరివాళ్ళే, కాకపోతే ఊరికి దూరంగా విసిరేసినట్టున్న పేటవాళ్ళు. రైల్వేవాడు క్వార్టర్ ఇచ్చేటప్పుడు కులం అడగడు కదా! వాళ్ళ బిందె నిండాక మా బిందె పెట్టుకునేవాళ్ళం. నాకు లెక్కలు నేర్పిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చుందీ ఆ అక్కే.

ఒక ఎండాకాలం మా ఊరి నుంచి కలరా కబురు వచ్చింది. వాగులో చెలమనీళ్ళు తాగే పేటలోనే ఎక్కువమంది పోయారు. అక్కవాళ్ళ నాయనమ్మ ఇంకా అక్కడే ఉంది. కొడుకు ఎంత బతిమాలినా ఇక్కడికి రానంది. ఆ వయసులో ఆ నీళ్ళే మోసుకుని తాగుతోంది. అప్పుడే మా నాన్నా, వర్క్‌షాపులో పనిచేసే మా ఊరివాళ్ళూ, చుట్టుపక్కల నాలుగూళ్ళవాళ్ళూ కలిసి సంఘం పెట్టాలనుకున్నారు. ఊరికో మంచినీళ్ళ బావి తవ్వించాలని, ముందు మా ఊళ్ళో మొదలుపెట్టాలని అనుకున్నారు.

"మీటింగుకి మా నాన్నని పిలుస్తారేటే? బావి మా పేట దగ్గర పడితే మా నాయనమ్మ బతుకుతాది" అని అక్క నన్నడిగింది. నేను వెళ్ళి తాతయ్యతో చెప్పాను. తాతయ్య అడిగితే నాన్న, "ఇప్పుడాళ్ళెందుకు? తరవాత సెప్దాంలే" అనేశాడు.

ఆదివారం పొద్దున్నే మా వాకిట్లో అందరూ చేరారు. బావి రామాలయం పక్కనా, పెద్దవీధి మొదట్లోనా అని ఒకటే గొడవ. తాతయ్యది వర్క్‌షాపులో ఇనపరేకుల మీద సుద్దముక్కతో కొలతలు గీసే పని. ఆయన లేచి సిమెంటు వాకిలి మీద మా ఊరంతా గీసేశాడు. వీధులు, వాగు, కొసన పేట.

"ఎవులింటి కాడ ఆళ్ళు నిలబడండి. అందరికీ అందే సోటేదో సూద్దాం" అన్నాడు. మా ఊరివాళ్ళు, అంతలేసి మగవాళ్ళు, నవ్వుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ వెళ్ళి నిలబడ్డారు. పేట గీసినచోట మాత్రం ఎవరూ లేరు.

"ఇక్కడెవులూ లేరేటి? రాయే గుంటా, నువ్వు నిలబడు" అని తాతయ్య నన్ను పిలిచాడు.

నాకేం పోయేకాలమొచ్చిందో! "నానక్కడ నిలబడను. నాను ఆ పేటోళ్ళ పిల్లనేటి?" అని గట్టిగా అరిచాను. ఎవరో కిసుక్కున నవ్వారు. తల తిప్పి చూస్తే కుళాయి దగ్గర అక్క ఉంది. బిందె నిండి పొర్లిపోతున్నా కుళాయి కట్టకుండా నన్నే చూస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది.

తాతయ్య తనే వెళ్ళి ఆ చోట నిలబడ్డాడు. "ఇక్కడ్నించి మీ బావికెల్లాలంటే నాను ఎవులెవులి గుమ్మం దాటాల? దాటనిస్తారేటి?" అని అడిగాడు. నాన్నే కదిలి అక్క నాన్నను పిలవడానికి వెళ్ళాడు. ఆయన వచ్చాడు గానీ గేటు బయటే ఆగిపోయాడు.

"పిల్ల అందని కాదు బాబూ, మీ అందరి కడుపులో మాటే అది. బావి తవ్వించండి, సాలు. మీ సంఘం మాకొద్దు" అనేసి వెళ్ళిపోయాడు.

బావి చివరికి ఊరికీ పేటకూ మధ్యనే తవ్వించారు. అందుకు ఏడాది పట్టింది. అప్పటికి అక్కవాళ్ళ నాయనమ్మ బతికి లేదు. ఆ కబురు తెలిసిన రోజు నేను వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి అడుగుపెట్టలేక తిరిగొచ్చేశాను. అక్క తరవాత కూడా నాతో మామూలుగానే మాట్లాడింది. క్షమించమని నేనే అడగలేదు. తాతయ్యా నన్ను పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

నేను పుట్టిందీ పెరిగిందీ ఖరగ్‌పూర్‌లోనే. ఆ పేటను కళ్ళతో చూసిందే లేదు. అలాంటి మాట అనమని ఇంట్లో నాకెవరూ నేర్పలేదు. అయినా అది నా నోట్లో సిద్ధంగా ఉంది. డెబ్బై దాటిన ఈ వయసులోనూ, నలుగురిలో నోరు తెరవబోతే నాకు నామీద నాకే భయమేస్తుంది.