అర మీటరు టొర్గైర్

టొర్గైర్ తన జన్మలో ఎవరికీ ఒక్క అర మీటరు ఎక్కువ ఇచ్చిన పాపాన పోలేదు.

స్కీలు కట్టుకుని మంచుకొండ మీంచి ఎగిరినవాళ్ళు ఎంత దూరాన దిగారో చూసి చెప్పడం ఆయన పని. ఆ లోయలోని చిన్న క్లబ్బుకి కెమెరాలెక్కడివి? వాలు పక్కన మీటరుకొక మనిషి నిలబడతాడు. తన ఎదురుగా ఎవరైనా దిగితే, రెండు పాదాలకీ నడిమి చోటు చూసి, అర మీటరు తేడాతో కేక వేస్తాడు. అటో ఇటో తేలకపోతే మిగతావాళ్ళు పైకి సర్దేస్తారు. టొర్గైర్ కిందికి సర్దుతాడు.

ఇంట్లోనూ అంతే. పెళ్ళిరోజుకి రెండ్రోజుల ముందే, శనివారం కలిసొచ్చిందని, ఆయన భార్య గుడ్రున్ కేకు చేసి చుట్టాలని పిలిచింది.

"నలభై ఏళ్ళు భరించానమ్మా ఈయన్ని," అంది.

"ముప్పై తొమ్మిదిన్నర," అన్నాడు టొర్గైర్. "నలభై సోమవారానికి."

కొండ కింద బోర్డు మీద డెబ్భై ఒకటిన్నర మీటర్ల రికార్డు ఆయనదే. ముప్పై నాలుగేళ్ళుగా చెక్కుచెదరలేదు. పైగా ఆయన పట్టుబట్టి నిలబడేది సరిగ్గా ఆ గుర్తు దగ్గరే. ఇక వాఫుల్ అట్లు అమ్మే కొట్టు దగ్గర ఎప్పుడూ చేరే ఐవింద్ నోరు ఊరుకుంటుందా?

"వాడి పేరు చెరిగిపోకుండా ఊళ్ళోవాళ్ళ మీటర్లన్నీ కొరుక్కు తింటున్నాడు."

జనవరిలో పక్కింటి సున్నివా ఎగిరింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. అందరికీ డెబ్భై రెండులాగే కనిపించింది.

"డెబ్భై ఒకటిన్నర," అన్నాడు టొర్గైర్.

సున్నివా స్కీలు భుజాన వేసుకుని వచ్చింది. "తాతా, కళ్ళద్దాలు మార్పించుకో."

"మార్పించా. అందుకే ఒకటిన్నర. దిగేటప్పుడు ముందు కాలు బానే పెట్టావు గానీ మోకాలు వంచలేదు. జడ్జీలు ఐదుగురూ మార్కులు కోసింది అక్కడే."

నెల్లాళ్ళు ఆ పిల్ల ఆయనతో మాట్లాడలేదు.

మంచు కరిగే ముందు చివరి పోటీ వచ్చింది. కొట్టు దగ్గర ఐవింద్ వాఫుల్ మడుస్తూ, "ఆడపిల్ల కదా, ఈసారి ఎవరో ఒకరు జాలిపడి ఇచ్చేస్తార్లే," అన్నాడు.

సున్నివా ఎగిరింది. స్కీలు రెండూ విచ్చుకుని, ఒళ్ళంతా గాలి మీద పరిచి, ఒక కాలు ముందుకేసి మోకాళ్ళు వంచి, చేతులు చాపి దిగింది. టొర్గైర్ మంచులో మోకరిల్లి, ముక్కు ఆనేంత దగ్గరగా ఆ గుర్తు చూశాడు.

"డెబ్భై రెండు."

"రెండున్నర కాదూ?" అన్నాడు పక్కనున్నతను.

"రెండు."

అందరూ ఐవింద్ వైపు తిరిగారు. అతను నోరు తెరిచి, అందులో వాఫుల్ పెట్టుకున్నాడు. "టొర్గైరే చెప్పాక ఇంకేముంది అనడానికి," అని గొణిగాడు.

తన పేరున్న పలకని టొర్గైరే మరలు విప్పి బోర్డు మీంచి తీస్తుంటే సున్నివా వచ్చి నిలబడింది.

"జనవరిలో కూడా రెండేనా తాతా?"

"అటూ ఇటూగా ఉంది. అప్పుడు ఇచ్చేసుంటే, ఆ ఐవింద్ చచ్చేదాకా 'పాపం, ఆడపిల్ల కదా అని ఇచ్చారు' అనేవాడు. ఇప్పుడు అనమను చూద్దాం."

గుడ్రున్ తెచ్చిన వాఫుల్‌ని ఆయన రెండుగా తుంచి ఒక ముక్క సున్నివా చేతిలో పెట్టాడు.

ఆ పిల్ల తిప్పి చూసింది. "ఇది సగం కన్నా ఎక్కువుంది తాతా."

"తిను," అన్నాడు టొర్గైర్. "కొలవకు."