మా బాపు నడుముకు అడుగుల మిషన్

నేను ఇంటర్ చదువుతున్న రోజుల్లో మా బాపుకు షుగర్ బయటపడింది. ఆయన బడిలో లెక్కల సారు. ఆదివారం చర్చిలో పాటలు పాడేవాళ్లకు పెద్ద. బడికైనా చర్చికైనా రిక్షా ఎక్కాల్సిందే.

"రోజూ గంట నడవాలె సార్," అన్నాడు దవాఖానలో డాక్టర్.

ఆ సంగతి విని, బొంబాయిలో ఉండే మా మేనమామ అడుగులు లెక్కపెట్టే పెడోమీటర్ ఒకటి పట్టుకొచ్చాడు. జేబు గడియారమంత ఉండేది. బెల్టుకు తగిలించుకుని నడిస్తే అడుగుకొకసారి టిక్కుమని ముల్లు జరిగేది. మా వాడకట్టులో అలాంటిది ఎవరూ చూసి ఎరగరు.

బాపు రోజూ సాయంత్రం నడకకు వెళ్లొచ్చి, అడుగుల సంఖ్యను గోడ మీది క్యాలెండర్‌లో రాసేవాడు. ఆ అంకెలు చూసి అమ్మకు దిగులు పట్టుకుంది. "గింత నడిస్తే కాళ్లు ఏం కావాలె?" అనేది. తీరా నెల తర్వాత పరీక్ష చేయిస్తే షుగర్ ఉన్నచోటే ఉంది.

"మీ బాపు యాడ నడుస్తాండో జర చూసి రా బిడ్డా," అని అమ్మ నన్ను ఆయన వెంట పంపింది.

నడక స్టేషన్ దగ్గరి చాయ్ హోటల్ దాకానే సాగింది. అక్కడ దోస్తుల మధ్య బెంచీ మీద కూర్చుని, బాపు కాలు ఊపడం మొదలుపెట్టాడు. బెంచీ మొత్తం ఊగింది. నడుము దగ్గర టిక్కు టిక్కుమని చప్పుడు.

"బాపూ, కూసున్నా అడుగులు పడుతున్నయ్!"

"కాలు కదులుతాంది గద బిడ్డా," అన్నాడు ఏమాత్రం సిగ్గుపడకుండా.

నేను బాపును వెంటబెట్టుకుని దవాఖానకు వెళ్లి డాక్టర్‌కు చెప్పేశాను. ఆయన నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. "ఎన్ని అడుగులో మిషన్ చెప్తది సార్. ఎంత జోరుగ నడిచిన్రో చెప్పది. నడుస్తుంటే మాట రావాలె, పాట రావద్దు. పాట వచ్చిందంటే మెల్లగ నడుస్తున్నట్టే."

మర్నాటి నుంచి మా ఊరి కోట దారిలో నేనే పరీక్షాధికారిని. కరెంటు స్తంభం వచ్చినప్పుడల్లా "పాడు బాపూ" అనేదాన్ని. ఏళ్లుగా పాడిన గొంతు కదా, చరణాలతో సహా కీర్తన మొత్తం పాడేసేవాడు. "ఇంక జోరుగ!" అనేదాన్ని. వేగం పెంచి మళ్లీ అందుకునేవాడు. ఎడ్లబండ్ల వాళ్లు వెనక్కి తిరిగి చూసేవాళ్లు. "సారుకు ఏమైంది బిడ్డా?" అని కూరగాయల ముసలమ్మ నన్ను చాటుగా అడిగింది.

నాలుగో రోజు కోట దర్వాజా దగ్గర పల్లవి సగంలో తెగిపోయింది. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

"రాలే బాపూ! పాట రాలే!" అని గంతులేశాను.

రొప్పుతూనే మీసం దువ్వుకున్నాడు. పాడలేకపోయినందుకు ఆయన సంతోషించడం నేను చూసింది అదొక్కసారే.

రెండు నెలలకు షుగర్ దిగింది. అప్పటికి బాపు వెనక పరుగెత్తలేక నాకే మాట వచ్చేది కాదు. రిపోర్టు చూసి డాక్టర్ కుర్చీలోంచి లేచి మెచ్చుకున్నాడు. ఆయనా బొద్దు మనిషే. ఆ లేవడానికే ఆయాసపడ్డాడు. బాపు తన బెల్టు నుంచి పెడోమీటర్ తీసి ఆయన నడుముకు తగిలించాడు.

"రేపు పొద్దుగూకంగ కోట కాడికి రాండ్రి డాక్టర్ సాబ్. మీరు పాడాలె, మేం వింటం."

డాక్టర్ నిజంగానే వచ్చాడు. ఆయనకు వచ్చింది ఒకటే పాట. అది రెండో స్తంభం కూడా దాటలేదు.