సులోచన వీడ్కోలు సభలో నా ఇంగ్లీషు

మూడంటే మూడు ఇంగ్లీషు ముక్కలతో మనిషి తన కొంప తానే కూల్చుకోగలడా అని మీకు అనుమానం ఉంటే, రండి, నన్ను చూడండి. ఇంకా కట్టని కొంపను కూడా కూల్చుకున్న ఘనుణ్ణి.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. పోర్టు దగ్గర ఒక చిన్న షిప్పింగ్ ఆఫీసులో గుమాస్తాను. సాయంత్రాలు సీతమ్మధారలో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు వెళ్లేవాణ్ణి. ఎవరినైనా పొగిడేటప్పుడు చిన్న గుణాలు ముందు చెప్పి, అన్నిటికన్నా గొప్పదాన్ని చివరికి దాచుకోవాలని మాస్టారు ఉపదేశించారు. దాని ముందు 'మోస్ట్ ఇంపార్టెంట్లీ' అనో, 'అబవ్ ఆల్' అనో, 'బెస్ట్ ఆఫ్ ఆల్' అనో తగిలించాలట. "ఆ మాటకి జనం చెవులు నిక్కబొడుచుకుంటారు. అప్పుడు వదలాలి అసలు బాణం," అన్నారు. నేను బీచికి వెళ్లి అలలకు వినిపించి మరీ సాధన చేశాను. అలలు వెనక్కి పోయేవి. అది శకునమని అప్పుడు తోచలేదు.

ఆ రోజుల్లోనే నా పక్క సీటు సులోచనకు కాకినాడ బదిలీ అయింది. నాలుగేళ్లు పక్కపక్కన కూర్చున్నాం. ఆమె సెలవు పెడితే ఆ రోజు నాకు పొద్దు గడిచేది కాదు. ఈ సంగతి ప్యూనుతో సహా ఆఫీసంతా కనిపెట్టేసింది. ఆమెకు మాత్రం నేను చెప్పలేదు.

వీడ్కోలు సభ రోజు మధ్యాహ్నం ఆమే కదిపింది.

"ఇయ్యాల మీరూ మాటాడతారంట కదండీ?"

"ఆఁ, రెండు ముక్కలు. ఇంగ్లీషులో."

"ఏటి సెప్తారు నా గురించి?"

"సాయంత్రం ఇంటారు కదండీ."

"రేపు పొద్దున్నే నా బండి. సెప్పాల్సింది ఏటున్నా ఇయ్యాలే సెప్పండి మరి," అని ఫైలు వైపు తల తిప్పుకుంది.

అంతకన్నా స్పష్టంగా ఏ ఆడపిల్ల అడుగుతుంది చెప్పండి! వెంటనే చీటీ మీద మూడు పాయింట్లు రాసుకున్నాను. ఒకటి, టైముకి వస్తారు. రెండు, ఫైళ్లు చక్కగా పెడతారు. మూడు, మీరు లేకపోతే నాకు ఈ ఊళ్లో ఏమీ తోచదు.

శాలువా కప్పడం అయింది. సమోసాలు పంచారు. నేను లేచాను. నా గొంతు ఒక్కసారిగా గర్జించింది.

"మోస్ట్ ఇంపార్టెంట్లీ!" అన్నాను. అందరూ ఉలిక్కిపడ్డారు. ఆవిడ టైముకి వస్తారని ఇంగ్లీషులో సెలవిచ్చాను.

నా స్నేహితుడు రమణ మోచేత్తో పొడిచాడు. "అసలుది సెప్పు బావా!"

"అబవ్ ఆల్!" అన్నాను. ఫైళ్ల సంగతి చెప్పాను. మేనేజరుగారు చప్పట్లు కొట్టారు.

"ఫైళ్లకేటి బావా అంత ఊపు! అసలుది సెప్పు!"

ఇక మిగిలింది ఒక్కటే. "బెస్ట్ ఆఫ్ ఆల్..." అన్నాను.

సులోచన తలెత్తి సూటిగా నన్నే చూసింది. ఆ చూపు కోసం ఇప్పటికీ నా ప్రాణం కొట్టుకుంటుంది. మేనేజరుగారు సమోసా నమలడం ఆపారు. మూడో పాయింటు నాలుక చివరిదాకా వచ్చి, అన్ని మొహాలు చూసి బెదిరి వెనక్కి పోయింది. ఏదో ఒకటి అనాలి కదా! ఆమె బల్ల మీద టిఫిన్ క్యారియర్ కనిపించింది.

"...ఆవిడ తెచ్చే చేపల పులుసు!" అన్నాను, అచ్చ తెలుగులో.

హాలు నవ్వులతో దద్దరిల్లింది. రమణ నెత్తి కొట్టుకున్నాడు.

అందరూ వెళ్లాక ఆమె క్యారియర్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"నాలుగేళ్లలో నాలో మీకు అన్నిటికన్నా నచ్చింది అదేనా అండీ?"

నేను జేబులోని చీటీని నలిపేశాను.

"ఆ పులుసు వండేది మా అమ్మండి," అని వెళ్లిపోయింది.

ఆమెకు కాకినాడలోనే పెళ్లయిందని తర్వాత విన్నాను. ఆ పక్క సీటులో ఎందరో కూర్చున్నారు, లేచారు. నాకు మాత్రం అది ఇప్పటికీ ఖాళీగానే ఉన్నట్టుంటుంది.

కాబట్టి పాఠక మహాశయులారా, బంగాళాఖాతం సాక్షిగా ప్రమాణం చేశాను. నచ్చిన మనిషికి నచ్చారన్న మాట మొట్టమొదటే చెప్పేస్తాను, తెలుగులోనే చెప్తాను, చివరికి దాచుకోను. ప్రమాణం చేసి పదేళ్లయింది. పాటించే అవకాశం ఒక్కసారీ రాలేదు.